అమ్మకు గురకే రాదు, అమ్మే చెప్పింది

ప్రాథమిక తరగతుల తెలుగు వాచకాలు, వర్క్‌బుక్కులు, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు నమస్కారం.

నేను పల్నాడులో ఒక చిన్న ఊరి బడిలో ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. సర్వీసు 22 ఏళ్లు. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఒకరు ట్రైనింగుకి వెళ్తే రెండోవారికి బడంతా ఒకే తరగతి. మీరు పంపిన పుస్తకం తెరిచి చెప్పడమే నా పని కాబట్టి మీరు రోజూ నాతో మాట్లాడుతున్నట్టే లెక్క. ఈ ఒక్కసారి నేను మాట్లాడతాను, వినండి.

విషయం చూడ్డానికి చిన్నదే. అమ్మ, నాన్న, తాత, మామ్మ, బాబాయి ఉండి, నవ్వించడానికి రాసిన గేయం ఒకటి వాచకాల్లో ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. ఆ గేయం దగ్గర మా తరగతుల్లో ఎవరూ నవ్వరు. నా గొడవ అదీ.

ఎందుకు నవ్వరో మీకూ తెలుసు. టీచరు రాగం తీస్తుంది, పిల్లలు అందుకుంటారు. కొత్త పదాలకు అర్థాలు బోర్డు మీదకెక్కుతాయి. ప్రశ్నలు, జవాబులు నోటుపుస్తకంలోకి దిగుతాయి. రేపటికి కంఠతా పట్టుకురమ్మంటాం. వారం తిరిగేసరికి గేయం నోటికొచ్చేస్తుంది, నవ్వు మాత్రం రాదు. నేనూ పదిహేనేళ్లు ఇదే చేశాను. ఎవరినో అనడం లేదు.

ముందు మనందరికీ వచ్చిన పాట ఒకటి తీసుకుందాం.

చిట్టి చిలకమ్మా
అమ్మ కొట్టిందా
తోటకెళ్లావా
పండు తెచ్చావా
గూట్లో పెట్టావా
గుటుక్కు మింగావా

అంగన్‌వాడీలో చేతులు తిప్పుతూ పాడిస్తారు. ఒకటో తరగతి దాటగానే "అది పసిపిల్లల పాట" అని వదిలేస్తాం. ఇందులో ఒక ఇంటి కథ మొత్తం ఉందని నాకే చాలా ఏళ్లు తట్టలేదు. దెబ్బ ముందొచ్చింది, నేరం ఆఖర్న బయటపడింది. అడిగేవాళ్లు జాలిగా మొదలుపెట్టి, ఒక్కో ప్రశ్నా వేసుకుంటూ, చివరికి దొంగను పట్టేశారు. చిలకమ్మ ఒక్క ముక్క జవాబు చెప్పదు. నోట్లో పండు ఉంది మరి.

పోయినేడాది మూడో తరగతిలో ఈ పాట పాడించి, "అసలు అడుగుతున్నదెవరు?" అన్నాను. పక్కింటామె అని ఒకరు. మామ్మ అని ఇంకొకరు. "వాళ్లక్క అయ్యుంటది టీచర్, తనకి పెట్టకుండా తిన్నదని" అని మూడో గొంతు. ఈ గోలలో వెనక బెంచీ పిల్లాడు లేచి, మా ఇంట్లో ఇట్లా పాడరు అన్నాడు. ఎట్లా పాడతారు అంటే పాడి వినిపించాడు. అమ్మ కొట్టిందా, తోటకెళ్లిందా, పండు తెచ్చిందా, గూట్లో పెట్టిందా, గుటుక్కు మింగిందా.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ముందు వరసలో పిల్ల మెల్లగా తల తిప్పి, "అయితే పండు తిన్నది అమ్మా?" అంది.

ఇక చూడండి. పండు అమ్మే తినేసి, పాపం చిలకమ్మని కొట్టిందని సగం మంది. చిలకమ్మ మీద ఎవరో ఎవరికో చాడీలు చెబుతున్నారని మిగతా సగం. నేను రెండు పాటలూ పక్కపక్కనే బోర్డు మీద రాసి, ఒకదానిలో 'వా' కింద, రెండోదానిలో 'ఇందా' కింద గీతలు గీశాను. చివరి ముక్క మారితే దొంగ మారిపోయింది. ప్రథమ పురుష, మధ్యమ పురుష అనే మాటలు నేను నోటెంట రానివ్వలేదు. ఆ సంగతి మాత్రం ఆ రోజు 24 మందికీ తెలిసిపోయింది.

'గూడు' దగ్గర ఇంకో తమాషా జరిగింది. చిలకకుండే గూడు సరే. మా అమ్మమ్మగారి మట్టింట్లో గోడకి గూళ్లుండేవి. దీపం, దువ్వెన, దాచుకున్న బెల్లం ముక్క అన్నీ అందులోనే. పాటలో చిలకమ్మ చిలకా అవుతుంది, ఇంట్లో అల్లరిపిల్లా అవుతుంది. ఆ ఒక్క మాట రెంటికీ సరిపోతుంది. ఇప్పటి పిల్లలకు శ్లాబు ఇళ్లు, గోడకు గూడుండదు. "మా ఇంట్లో షెల్ఫు ఉంది టీచర్" అన్నాడొకడు. "షెల్ఫులో పెట్టావా" అని పాడి చూసుకుని, కుదరక వాడే నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి నేనే ఒక గేయం కట్టాను. కవిత్వం అనకండి, అవసరం కొద్దీ కట్టింది.

తాత గురక ట్రాక్టరు
దుక్కి దున్నుతుంది
మామ్మ గురక ఈలపాట
మధ్యలోన ఆగుతుంది
నాన్న గురక పాత లారీ
ఘాటు రోడ్డు ఎక్కుతుంది
అమ్మకసలు గురకే రాదు
అమ్మే చెప్పింది!

మర్నాడు పుస్తకాలు మూయించి చదివాను. మొదటిసారి ఊరికే వినమన్నాను. రెండోసారి వరసకో గురక పంచాను. ట్రాక్టరు వరస దున్నేసింది, లారీ వరస ఎక్కలేక ఎక్కింది. మామ్మ వరసకి మధ్యలో ఆగడం భలే కుదిరింది. ఊపిరి బిగబట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇక లేదులే అనుకునేసరికి సన్నగా ఈల అందుకున్నారు. పక్క గదిలోంచి హెడ్మాస్టరు గారు గోడ మీద రెండుసార్లు కొట్టారు. ఆయన వైపు రెండు తరగతులు లెక్కలు చేసుకుంటున్నాయి మరి.

అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "మీకు ఎక్కడ నవ్వొచ్చింది?"

ఈ ప్రశ్నకు తప్పు జవాబు లేదు. నవ్వు వచ్చిన చోటు వాడిదే, మనం దిద్దడానికి లేదు. చదవడం రాని పిల్ల కూడా చెయ్యెత్తుతుంది. చాలామంది ట్రాక్టరు దగ్గర నవ్వామన్నారు, కొందరు లారీ దగ్గర. ఆఖరి మాట దగ్గర నవ్విన వాళ్లు నలుగురే. వాళ్లను చూసి ఒకడికి చిరాకేసింది. "అక్కడేముంది టీచర్ నవ్వడానికి? అమ్మకి రాదంట. అమ్మే చెప్పిందిగా."

వాడు నిజంగానే అడుగుతున్నాడు. అమ్మ మాట మీద వాడికంత గురి. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇలాంటప్పుడు నోరు మూసుకోవడం నాకు ఈమధ్యే అలవాటైంది, అంతకుముందు నేనే గబగబా వివరించేసేదాన్ని. కిటికీ పక్కన పిల్ల అందుకుంది: "నిద్రపోయేదానికి గురక పెట్టేది తనకెట్టా తెలుస్తదిరా?"

వాడు నోరు తెరిచాడు, మూశాడు. పైకి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఇంటర్వెల్ బెల్లు కొట్టేదాకా ఉండి ఉండి నవ్వుతూనే ఉన్నాడు.

పెద్దలారా, వాడికి గేయం అర్థమైందని తేల్చడానికి నాకు ఇంకో పరీక్ష అక్కర్లేకపోయింది. పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి ఉంచడం మాటల్లో ఉంటుందని ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ పూట తెలిసింది. రేపు వాడు పెద్ద కథ చదివినా, పేపర్లో నాయకుడి ప్రసంగం చదివినా వాడికి కావలసింది ఇదే.

ఇంకొక పని చేశాను. బోర్డు మీద 'అమ్మే' అన్న మాటలో ఏత్వం తుడిచేసి 'అమ్మ చెప్పింది' అని చదివించాను. నవ్వు చప్పబడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ వచ్చింది. ఒకమ్మాయి తనంతట తనే లేచి 'గురకే రాదు'లోనూ ఏత్వం ఉందని పట్టుకుంది. 'గురక రాదు' అంటే మామూలు మాట, 'గురకే రాదు' అంటే అబద్ధం వాసనొస్తోంది అంది. వాసన అనే మాట ఆ పిల్లదే. మన తెలుగులో హాస్యం చాలాసార్లు ఇంత చిన్నచోట కూర్చుంటుంది, ఒక ఏత్వంలోనో, క్రియ చివరి ముక్కలోనో. భాషాంశాలకు వేరే పేజీ పెట్టి, గేయంతో సంబంధం లేని వాక్యాలు ఇచ్చి, గీత గీయమంటాం మనం. గేయంలోనే గీత గీయిస్తే చాలదా?

ఇదే గేయం ఇంకో తరగతిలో ఒక చురుకైన పిల్లాడికిచ్చి చదవమన్నాను. మొత్తం 22 పదాలు. 20 సెకన్లు కూడా పట్టలేదు వాడికి. చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ 2021 జులైలో వచ్చినప్పటి నుంచి మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని మేమంతా ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటున్నాం. ఆ లెక్కన వాడికి ఫుల్ మార్కులు. కానీ ట్రాక్టరు, ఈల, లారీ, అమ్మ అన్నీ ఒకే గొంతుతో, రైలు స్టేషన్లు దాటినట్టు దాటేశాడు, పెదవి కదిపి నవ్వలేదు. అర్థం చేసుకుంటూ చదవాలి అన్న మాట కూడా ఆ లక్ష్యంలోనే ఉంది. దానికి స్టాప్‌వాచ్ లేదు కాబట్టి ఎవరూ చూడరు. నవ్వుల గేయం ఇస్తే అది ఇట్టే తెలిసిపోతుంది. నవ్వాల్సిన చోట ఆగాడా లేదా, అంతే.

పోలికల సంగతి. ట్రాక్టరు మా పిల్లలకు ఇంటి మనిషి లాంటిది, చెప్పక్కర్లేదు. ఘాటు రోడ్డు మాత్రం తేలిపోయింది. మావైపంతా మెట్ట, కొండ ఎక్కే రోడ్డు చూసినవాళ్లు తక్కువ. వివరించబోతున్నాను, ఒకడు లేచాడు. శివరాత్రికి శ్రీశైలం వెళ్లారట. "దోర్నాల దాటాక బస్సు మూలుగుద్ది కదా టీచర్, గేరు మార్చినప్పుడల్లా ఓసారి ఆగి, అదీ." చేత్తో గేరు మార్చి మరీ చూపించాడు. డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చున్నాడేమో, అంత బాగా వచ్చింది. ఒక పిల్లాడు చూసినదాన్ని తరగతి మొత్తానికి చూపిస్తే గేయానికి అంతకంటే వ్యాఖ్యానం ఏముంటుంది? గైడులో "ఘాటు రోడ్డు: కొండదారి" అని ఉంటుంది. అది చదివితే కొండ తెలుస్తుంది, మూలుగు తెలియదు.

తర్వాత వాళ్ల వంతు. రాయమని అనలేదు. రాయమంటే చేతులు బిగుసుకుంటాయి, పక్కవాడి పుస్తకంలోకి చూస్తారు. మీ ఇంట్లో ఎవరి గురక ఎలా ఉంటుందో ముందు చేసి చూపించమన్నాను, తర్వాత అది దేనిలా ఉందో చెప్పమన్నాను. చెప్పింది చెప్పినట్టు నేనే చార్టు మీద రాశాను. వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇది.

మా బాబాయి గురక మిక్సీ
కరెంటు పోతే ఆగుద్ది

కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, ఉక్కకు బాబాయికి మెలకువ వస్తుంది, గురక ఆగుతుంది. ఇంత కథ రెండు ముక్కల్లో పెట్టాడు. ఇప్పుడు 'ఆగుద్ది'ని ఏం చేయాలి? ఎర్ర పెన్నుతో 'ఆగుతుంది' అని దిద్దితే తూకం పోతుంది, బాబాయి పోతాడు, కుర్రాడు మళ్లీ నోరు తెరవడు. గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగును పుస్తకంలోకి రానివ్వమని నూరేళ్ల కిందటే పోరాడారు. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండ వేస్తాం, వ్యాసరచన పోటీ పెడతాం. 30న మళ్లీ ఎర్ర పెన్ను తీస్తాం. పాఠం చెప్పేటప్పుడు ప్రామాణిక భాష నేర్పడం నా బాధ్యతే, కాదనను. బాబాయి గురక బాబాయి ఊరి భాషలోనే ఉండనివ్వండి అంటున్నాను.

భాష అంటే గుర్తొచ్చింది. మా ఊళ్లో మిరప కోతలకు జనవరి నుంచి కర్నూలు వైపు నుంచి కుటుంబాలు దిగుతాయి. కోసిగి, ఆదోని ఊళ్ల నుంచి పిల్లలతో సహా వస్తారు. రెండు మూడు నెలలు కొందరు పిల్లలు మా బడికొస్తారు. ఆ జట్టులో ఒకమ్మాయి ఈ గేయం విని, మామ్మ అంటే ఎవరు అని అడిగింది. చెప్పాను. "ఓ, అవ్వనా!" అంది. తర్వాత మొత్తం గేయం 'అవ్వ గురక ఈలపాట' అని చదివింది, బాగుంది. ఇదే సంగతి పాలమూరు జిల్లాలో పనిచేసే నా స్నేహితురాలికి ఫోన్లో చెబితే, తనకు నవ్వాగలేదు. వాళ్లవైపు చాలా ఇళ్లల్లో అవ్వ అంటే అమ్మ. అక్కడ ఈ గేయంలో అవ్వ గురక పెట్టిందంటే ఆఖరి చమత్కారం ముందే పేలిపోతుంది! మామ్మ, నాన్నమ్మ, బామ్మ, అవ్వ, జేజి, దాదీ. ఇన్ని ఇళ్లకు ఒకే వాచకం ముద్రిస్తున్నప్పుడు, గేయం కింద "మీ ఇంట్లో ఏమని పిలుస్తారో ఆ పిలుపు పెట్టి చదువుకోండి" అని ఒక్క లైను వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇప్పుడు నవ్వు రాని సంగతి ఒకటి చెప్పాలి.

చిలకమ్మ పాట రోజే, "అమ్మ కొట్టిందా" దగ్గర, మీకెప్పుడైనా పడ్డాయా అని నవ్వుతూ అడిగాను. అందరూ ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. గరిట, చీపురు, చెప్పు. మన ఇళ్లలో అదొక జాబితా, పిల్లలే గొప్పగా చెప్పుకుంటారు. ఒక అబ్బాయి మాత్రం, మా నాన్న తాగొచ్చి బెల్టుతో కొడతాడు అన్నాడు. అదే గొంతుతో, నవ్వుతూనే. తరగతి కూడా నవ్వేసింది. వాడు ఎడమ చేతిని లాగు జేబులో పెట్టుకున్నాడు. అది నేను చూశాను.

ఆ క్షణంలో ఏం చేయాలో ఏ టీచర్ హ్యాండ్‌బుక్కులోనూ నేను చదవలేదు. నవ్విన పిల్లల్ని కసిరితే వాడి సంగతి ఇంకా పెద్దదవుతుంది. "ఆ బెల్టుని చిలకమ్మ గూట్లో దాచేద్దామా?" అన్నాను. నోటికొచ్చింది అది. వాడు తలూపాడు. మధ్యాహ్న భోజనం తర్వాత విడిగా పిలిచి చెయ్యి చూశాను, మాట్లాడాను, వాళ్లమ్మను పిలిపించాను. పిల్లల సహాయానికి ఫోన్ చేసే 1098 నంబరు గోడ మీద రాసి ఉన్నా, దాన్ని చదివించి చెప్పింది ఆ వారమే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల మీద చెయ్యెత్తకూడదంటుంది. ఇంట్లో ఎత్తిన చెయ్యి మాత్రం ఇలా ఒక నవ్వుల పాట దగ్గర బయటపడుతుంది. కుటుంబం మీద గేయం పెడుతున్నారంటే ఈ తలుపు తెరుస్తున్నారని మీకు తెలిసుండాలి. తెరవొద్దనడం లేదు. తెరిచాక టీచరు ఏం చేయాలో అరపేజీ రాయండి.

ఇలాంటిదే ఇంకోటి. గేయం తర్వాత "మీ నాన్నగారి గురించి ఐదు వాక్యాలు రాయండి" అని ఉంటుంది. నాన్న లేనివాడున్నాడు, నాన్న హైదరాబాదులో సెంట్రింగు పనికెళ్లి పండగకొచ్చేవాడున్నాడు, అమ్మానాన్నలు విడిపోయి అమ్మమ్మ దగ్గర పెరిగేది ఉంది. ఐదు వాక్యాలకి ఐదు గీతలు ముద్రించి ఉంటాయి, అవి ఖాళీగా చూస్తూ ఉంటాయి. "మీ ఇంట్లో మీకు నచ్చిన ఎవరి గురించైనా" అంటే సరిపోయేది. ఎవరూ గుర్తురాక, ఒకమ్మాయి వాళ్లింటి పిల్లి గురక మీద కట్టింది. 'పిల్లికి పట్టు పరుపు గురక' అంది. మెత్తగా ఉంటుందని దాని అర్థమట. ఇలాంటి మాట నాకు తట్టదు.

హాస్యం పేరుతో ఏదైనా పెట్టేయవచ్చని కూడా అనుకోకండి. మనవాళ్లకు వరసను బట్టి వేళాకోళం ఉంది. "బావా బావా పన్నీరు, బావను పట్టుకు తన్నేరు" అని పాడే పిల్ల పెదనాన్న మీద అలా పాడదు. బావకు, మరదలికి, వదినకు, తాతకు ఆ చనువుంది. ఎవరిని ఆటపట్టించవచ్చో, ఎంతవరకో అని ఎవరూ పాఠం చెప్పకుండానే పిల్లలు ఆ పాటల్లోంచి నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో వచ్చే కామెడీలో లావుగా ఉన్నా నవ్వే, నల్లగా ఉన్నా నవ్వే, నత్తి ఉన్నా నవ్వే. అదే మా బడికొచ్చేస్తోంది. అత్తాకోడళ్ల జోకులు మూడో తరగతికి దేనికో నాకర్థం కాదు, కొన్ని ప్రైవేటు వర్క్‌బుక్కుల్లో చూశాను. గురక గేయంలో తాత మీద నవ్వుతాం, కానీ తాత కూడా వింటే నవ్వుతాడు. నేను గేయం ఎంచుకునేటప్పుడు చూసుకునేది అదొక్కటే. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే ఇది చదవగలమా?

మా పాత పద్ధతిలో ఈ గేయానికి అభ్యాసం ఎలా ఉంటుందో చూద్దామని, సరదాకి నేనే ఒక ప్రశ్నపత్రం తయారుచేసి ఐదో తరగతికిచ్చాను. తాత గురకను దేనితో పోల్చారు? 'గురక'తో సొంత వాక్యం రాయండి. జతపరచండి. చివరగా, మనందరికీ ప్రాణమైన ప్రశ్న: ఈ గేయం ద్వారా మీరు తెలుసుకున్న నీతి ఏమిటి? బాగా చదివే అమ్మాయి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చింది. "గురక పెట్టరాదు. పెద్దలను గౌరవించవలెను." ఐదేళ్లుగా మేం నేర్పింది ఆ పిల్ల మాకు భద్రంగా తిరిగిచ్చింది. మార్కులు వేయక తప్పలేదు, వేశాను.

నేను కొత్తగా ఏదో పెట్టమని అడగడం లేదు. 'వినడం, ఆలోచించి మాట్లాడటం', 'ప్రశంస', 'సృజనాత్మకత' అనే సామర్థ్యాలు మీరే ఎప్పుడో రాశారు. ఫార్మెటివ్ పరీక్షల్లో 'పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు' అని మార్కులూ పెట్టారు. ఆ కాలమ్ మేం ఎలా నింపుతామో చెప్పనా? ఆన్‌లైన్ ఎంట్రీకి ఆఖరి రోజు రాత్రి, కరెంటు ఉన్నప్పుడు, మిగతా మార్కులు చూసుకుని అందాజాగా. ప్రతిస్పందన పిల్లవాడి దగ్గరుంటే, మార్కు నా టెన్షన్‌లోంచి వస్తోంది. మిక్సీ గురక కట్టినవాడికి రాత పరీక్షలో అంతంత మాత్రం. వాడికి ఆ కాలమ్‌లో పదికి పది వేస్తే, పరీక్షల్లో తక్కువ వచ్చి ఇక్కడ ఎందుకెక్కువ అని నన్నడిగారు.

ఒకరోజు గురక వరసలు జోరుగా నడుస్తుండగా ఒక అధికారి తనిఖీకి వచ్చారు. గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. ఇదేం క్లాసమ్మా అన్నారు. తెలుగండీ అన్నాను. పాఠ్య ప్రణాళికలో గురక ఎక్కడుందో చూపించమన్నారు. చూపించడానికి లేదు. మీరు రాస్తే ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. నవ్వుల గేయం దగ్గర నీతి ప్రశ్న తీసేయండి. దాని చోట "మీకు ఎక్కడ నవ్వొచ్చింది? ఎందుకు?" అని వేయండి. రాతకు ముందు చేసి చూపడం, చెప్పడం అని పాఠ్య ప్రణాళికలో మీ అక్షరాలతోనే రాయండి, నేను గుమ్మంలోకి వచ్చినవారికి చూపించుకుంటాను. అభ్యాసాలు తగ్గించి, మిగిలిన చోటు ఖాళీగా వదిలినా ఫర్వాలేదు, మా పిల్లలు బొమ్మలు వేసుకుంటారు. ఇంకా వీలైతే వాచకం అచ్చుకెళ్లే ముందు గేయాలను రెండు మూడు మండలాల్లో పిల్లలకు చదివి వినిపించి చూడండి. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల్ని మైకు దగ్గరికే పిలిచి మాట్లాడించేవారు, పిల్లలకు ఏం కావాలో వాళ్లకు ఎదురుగానే తెలిసేది. మీ గదిలో పెద్దవాళ్లం అందరం కూర్చుని, ఇది పిల్లలకు నచ్చుతుంది అనుకుంటే సరిపోదు. వాళ్లు నవ్వని చోట గేయం మార్చండి, వాళ్లను మార్చకండి.

మిరప కోతలు అయిపోయి కర్నూలు పిల్లలు వెళ్లిపోయేటప్పుడు ఆ అవ్వ పిల్ల చార్టు దగ్గరికి వచ్చి తనది కూడా రాయమంది. అప్పటిదాకా తను ఏమీ చెప్పలేదు, నేనూ పట్టుబట్టలేదు. తల్లిదండ్రులు కోతలకొస్తే అవ్వ ఊళ్లోనే ఉండిపోయిందట. చెబుతుంటే రాశాను.

అవ్వ గురక ఆడుంది
నాకు నిద్ర రాదు

ఎవరూ నవ్వలేదు. నవ్వుల గేయానికి ఇది కూడా ప్రతిస్పందనే అని నేను అనుకుంటున్నాను. ఏ కాలమ్‌లో ఎన్ని మార్కులు వేయాలో మీరు చెప్పండి.

ఇట్లు,
ఒక తెలుగు టీచరు,
పల్నాడు జిల్లా

తా.క. గేయం పిల్లలతో పాటు ఇళ్లకు కూడా వెళ్లింది. మూడో రోజు పొద్దున్నే ముగ్గురు అమ్మలు బడి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నాకు గురకని మీకెవరు చెప్పారు టీచర్ అని నిలదీశారు. "నేనేం అన్నానమ్మా, అమ్మకు గురకే రాదు అనే కదా రాసింది" అన్నాను. ఇద్దరు సర్దుకున్నారు. బడికి ఐదో తరగతి దాకానే వెళ్లానని ఎప్పుడూ చెప్పే మూడో ఆమె మాత్రం కదలకుండా, నన్ను కింది నుంచి పైకి చూసి, "అది సరే, ఆ 'అమ్మే' అని ఎందుకు సాగదీశారు?" అంది.